గంజికి తెలియని అయోడిన్

మా కెమిస్ట్రీ మేడం పోయారని ఆమె భర్త పెనుకొండ నుంచి ఫోన్ చేసినప్పుడు, ఆమె పంపిన వాననీళ్ల సీసా నా బల్ల మీదే ఉంది. మా ల్యాబ్‌లో దాని వంతు ఇంకా రాలేదు. అందులో సముద్రం నుంచి వచ్చిన అయోడిన్ ఉందో లేదో తెలుసుకోవాలని ఆమెకు చివరిదాకా ఆశ. ఆమె అడిగిన ప్రశ్న అడిగినట్టే మిగిలిపోయింది.

సముద్రం మీది గాలిని పరీక్షించడం నా ఉద్యోగం. అలలు ఎరుగని ఊళ్లో పుట్టిన నాకు ఈ పిచ్చి అంటించింది ఆమే.

హిందూపురంలో మేము ఇంటర్ చదివే రోజులు. మేడం పుట్టిల్లు ధర్మవరం, పట్టు నేసే ఇల్లు. ఆమె మాత్రం ఎప్పుడూ గంజి పెట్టి పెళపెళలాడే కాటన్ చీరలే కట్టేవారు. ఒకరోజు ల్యాబ్‌లో అయోడిన్ సీసా ఆమె చేతిలోనే ఒలికి, గంజి తగలగానే రంగు మారి కొంగంతా నల్లటి నీలం. మేమందరం ఊపిరి బిగబట్టాం. ఆమె కొంగు ఎత్తి చూపించి నవ్వారు.

"చూసినారా? చీరకు గంజి పెట్టినానని మా అత్తకంటే ముందే ఇది కనుక్కునింది!"

ఆ వారంలోనే మళ్లీ అదే చీరతో వచ్చారు, ఉతక్కుండా. మరక చాలావరకు వెలిసిపోయింది.

"యాడికి పోయిందప్పా? గాలిలోకి. అయోడిన్ ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. సరే, ఇంకోటి చెప్పండి. సముద్రం నీళ్లలో అయోడిన్ ఉండాది. ఉప్పు ఆ నీళ్లలోనుంచే వస్తాది. మరి ప్యాకెట్ ఉప్పులో మళ్లీ ఎందుకు కలపాల?"

రోజూ తినే ఉప్పు గురించి మాకెవరికీ ఆ అనుమానమే రాలేదు. సముద్రపు నీళ్లలో ఉండేదే కొంచెం, ఉప్పు గడ్డకట్టేటప్పుడు అదీ చాలావరకు మిగిలిన నీళ్లలోనే ఉండిపోతుందని ఆమే చెప్పారు. మిగతా కథ నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకుని ఆమెకు ఫోన్‌లో చెప్పాను. గాలిలోని ఓజోన్ నీళ్లను తాకితే అయోడిన్ పైకి లేస్తుంది. లేచాక మళ్లీ ఆ ఓజోన్‌నే తినేస్తుంది.

"పిలిచినోడినే తింటాదా! దీంతో స్నేహం కష్టమే" అని పకపకా నవ్వారు. నవ్వు ఆగాక, "ఆ గాలి మా పెనుకొండ వానలోకి వస్తాదా?" అన్నారు.

నేను చెప్పేదాకా ఆగలేదు. వాననీళ్లలో గంజి వేసి చూశారట, నీలం రాలేదు. "గంజికి తెలీలేదంటే లేదని కాదు కదప్పా. నీ మిషన్‌ను అడిగి చెప్పు" అని సీసా పంపారు.

ఆమె పోయిన వారానికి దాని వంతు వచ్చింది. ఉంది. గంజి కంటికి ఆననంత కొంచెం, కానీ ఉంది. సంతోషంతో ఫోన్ తీసి, ఆమె నంబరు వెతుక్కుని, అప్పుడు ఏడ్చాను. కాసేపటికి మేడం వాళ్ల సారుకు చేశాను.

"ఉంది సార్. సముద్రం మీ ఊరి దాకా వస్తోంది."

ఆయన మిద్దె మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఈడ ఇప్పుడు కూడా వాన పడతాండాదప్పా. ఆమె పెట్టేది కదా అని మిద్దె మీద సీసా, దానికి గరాటా పెట్టినా. గాలికి గరాటా పడిపోకుండా ఆమె చీర పీలికతో కట్టినా. గంజి పెట్టంది చూసే కట్టినాలే, లేకుంటే గంజి నీళ్లలోకి దిగిందని తిడతాది."

ఫోన్‌లో గరాటా మీద చినుకులు వినిపిస్తూనే ఉన్నాయి.