నేను బిగించిన తలుపు

చదివింది ఊరి బడిలో ఐదో తరగతే అయినా, వడ్రంగంలో నాకు సాటి లేరని మా మేస్త్రీ నలుగురిలో ఒప్పుకున్నాడు. మా చర్చి తలుపులు నేను చేసినవే. ఈ ఆసుపత్రిలో నలభై తలుపులు నా చేత్తో బిగించినవే. వాటిలో ఒకదాని వెనక నా భార్య పదకొండు రోజులుగా స్పృహ లేకుండా ఉంది.

"నువ్వు పెట్టిన తలుపు నిన్నే బయట కూర్చోబెట్టింది చూడు బావా!" అని బామ్మర్ది నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె నుదుటికి రాయమని పాస్టరుగారు ప్రార్థన చేసిన నూనె సీసా ఇచ్చారు. నర్సమ్మ ఒప్పుకోలేదు. "ఏమనుకోకండి తాతగారూ, లోపల ఏమీ పూయకూడదు." ముప్ఫై ఏళ్లు సంఘంలో గొంతెత్తి ప్రార్థించిన నాకు "ప్రభువా" తర్వాత ఇంకో మాట రాలేదు.

అంతలో తలుపు కిర్రుమంది. ఏం కబురోనని బెంచీల మీదివాళ్లంతా ఉలిక్కిపడి లేచారు. తెరిచిన ప్రతిసారీ అదే వరస. కొడుకు కోసం కూర్చున్న ఒక తల్లి గుండె పట్టుకుంది.

"ఈ చప్పుడుకే సగం చచ్చిపోతున్నానయ్యా."

నా తలుపు కిర్రుమనడమా! లేచి ఆ నూనె తలుపు మూడు మడతబందులకూ పోశాను. తలుపు నోరెత్తలేదు. ఆ తల్లి కూర్చున్నచోటే కాస్త కునుకు తీసింది. ప్రభువు నాకు అప్పగించిన పని ఇదేననుకున్నాను.

మా ఆవిడ ఇంకా కళ్లు తెరవలేదు. నేను రోజూ సీసా పట్టుకుని వెళుతున్నాను. ఆ ఒక్కటీ కాక ఇంకా ముప్ఫై తొమ్మిది తలుపులున్నాయి.