ఫోటోల బండికి వేసిన తాళం

1986 వేసవి. నూజివీడులో విస్సన్నపేట రోడ్డు మీద, రేకుల షెడ్డులో మాకు వెల్డింగ్ షాపు ఉండేది. షాపు మా ఆయన పేరు మీద ఉన్నా పని ఇద్దరిదీ. ఆయన అతుకు వేస్తుంటే ఇనుప ముక్క కదలకుండా పట్టుకోవడం నా పని. అతుకు మీద నల్లటి పెంకు కడుతుంది, దాన్ని స్లాగ్ అంటారు. సుత్తితో కొట్టి దాన్ని రాల్చడం కూడా నాదే. వచ్చినవాళ్ళతో మాట్లాడటం సరేసరి. మా ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. నేను చదివింది ఐదో తరగతి. కానీ ఒకసారి విన్న మాట నన్ను వదిలిపోదు. ఎవరు ఏ చొక్కాలో వచ్చారో, ఏమడిగారో, నేనేం చెప్పానో వరసగా అప్పజెప్పగలను. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడం మరిచిపోయి మాత్రం కాదు.

సోమరాజు గారు తిరునాళ్ళలో ఫోటోలు తీసేవారు. ఆయన భార్య రత్నం. వాళ్ళకి ఇల్లంటూ లేదు, బండే ఇల్లు. రత్నం పుట్టింటి నుంచి వచ్చిన అరెకరం అమ్మేసి, పాత బస్సు బాడీ ఒకటి సగానికి కోయించి, ట్రాక్టరు ట్రాలీ చక్రాల మీదికి ఎక్కించుకున్నారు. ఆ బిగింపు పనంతా మా షాపులోనే జరిగింది. లోపల ముందు వైపు మంచం, కిరసనాయిలు పొయ్యి. వెనక వైపు నల్లగుడ్డలు కట్టి ఫోటోలు కడుక్కునే చీకటి గది. తిరునాళ్ళలో బండి పక్కన విమానం బొమ్మ తెర వేలాడదీసేవారు. దాని కిటికీలోంచి తల బయటికి పెట్టి ఫోటో దిగని పిల్లలు మా వైపు తక్కువ.

బండి ఉంది గానీ లాగే ట్రాక్టరు లేదు వాళ్ళకి. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో ఒకటి కిరాయికి మాట్లాడుకుని తర్వాతి తిరునాళ్ళకి కదిలేవారు. అందువల్ల ఆ బండి ఎప్పుడు చూసినా ఎవరిదో ట్రాక్టరు వెనకాలే కనబడేది. జనానికీ అది అలవాటే.

మే నెలలో రత్నం తల్లికి పక్షవాతం వచ్చిందని చింతలపూడి నుంచి కబురొచ్చింది. కోతల రోజులు. ఊళ్ళో ట్రాక్టర్లన్నీ మామిడికాయలు మోస్తున్నాయి, ఒక్కటీ దొరకలేదు. బండిని మా షాపు ఎదుటి ఖాళీ స్థలంలో వదిలి బస్సులో వెళ్దామనుకున్నారు.

"అక్కా, మాకున్నదంతా ఇందులోనే ఉంది. ఎవడన్నా తోలుకుపోతే మేం రోడ్డు మీదే" అంది రత్నం.

"ఇంత బండిని చంకలో పెట్టుకుపోతాడా ఎవడన్నా!" అని నవ్వాను.

"పోతాడు" అన్నారు మా ఆయన. అని, ఎందుకో చూపించారు.

ట్రాలీ ముందు పొడుచుకొచ్చే ఇనుప కమ్మీని డ్రాబార్ అంటారు. దాని చివర గుండ్రటి కన్ను ఉంటుంది. దాన్ని ట్రాక్టరు వెనక కొక్కెంలోకి తెచ్చి పైనుంచి ఒక పిన్ను దించితే చాలు, బండి కదులుతుంది. ఏ ట్రాక్టరు పిన్నైనా ఏ ట్రాలీకైనా సరిపోతుంది.

మా ఆయన రెండు రోజులు కూర్చుని ఆ కన్నుకి తాళం తయారుచేశారు. కన్నులో ఇనుప దిమ్మ దూర్చి, చుట్టూ మందపాటి రేకుతో పెట్టె కట్టి, తాళంకప్పను ఆ పెట్టె లోపలికి దించేశారు. చెయ్యి దూరి తాళంచెవి తిప్పడానికే చోటుంది. రంపం ఆడదు, సుత్తి తగలదు.

"దీన్ని విప్పాలంటే తాళంచెవైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్నారు. ఆయన గొప్ప చెప్పుకోగా నేను విన్నది అదొక్కసారే.

ఉన్న ఒక్క తాళంచెవినీ సోమరాజు గారు మొలతాడుకి కట్టుకున్నారు. ఇద్దరూ బస్సెక్కారు.

ఎనిమిదో రోజు పదకొండు గంటల వేళ ట్రాక్టరొకటి షాపు ముందు ఆగింది. ముప్పై ఏళ్ళ మనిషి దిగాడు. ఎర్రగళ్ళ చొక్కా, మెడలో తువ్వాలు.

"నమస్కారమండీ. ఆ ఫోటోల బండి తీసుకురమ్మన్నారండి" అన్నాడు.

"ఎవరు, సోమరాజు గారా?"

"ఆయనేనండి."

"ఇంకా చింతలపూడిలోనే ఉన్నారా? వాళ్ళత్తగారికి ఎలా ఉంది?"

అతను తల దించుకున్నాడు. "ఏం చెప్పమంటారు లెండి."

"అయ్యో! పోయిందా?"

"నిన్న పొద్దున్నండి."

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. "రత్నం ఒక్కతే కూతురాయె. వచ్చే జనం, పోయే జనం, ఆ ఒంటి గది ఇంట్లో ఎక్కడ పడుకుంటారు? అందుకేనా బండి అక్కడికి?"

"అందుకేనండి. చోటు చాలట్లేదు."

"మరి తాళంచెవి?"

"కనపడట్లేదంటండి."

"మొలతాడుకి కట్టుకున్నారుగా! కాలవలో మునిగినప్పుడు జారిపోయుంటుంది."

"అలాగే అంటున్నారండి."

మా ఆయన లేచి వచ్చారు. "ఆయన్ని ఒకసారి రమ్మను" అన్నారు.

"ట్రాక్టరు సాయంత్రానికి మళ్ళీ కాయలకెళ్ళాలండి. ఇవాళ దాటితే నెలాఖరు దాకా దొరకదు."

"ఏవండీ, చావింట్లో ఉన్న మనిషిని రమ్మంటారేంటి? తాళం కోసిచ్చేస్తే పోద్ది కదా!" అన్నాను నేను.

మా ఆయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

ఇనుమును మంటతో కోయడాన్ని గ్యాస్ కటింగ్ అంటారు. మంటతో ఇనుము ఎర్రబడ్డాక ఆక్సిజన్ పెంచితే అది వెన్నలా తెగుతుంది. సిలిండరు వాల్వు తిప్పింది నేనే. రెండు రోజుల పని పావుగంటలో ఊడిపడింది. "లోపల గాజు సీసాలున్నాయి, గతుకుల్లో నెమ్మదిగా తోలు బాబూ" అని కూడా చెప్పాను. అతను నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

నాలుగు రోజుల తర్వాత రత్నం, సోమరాజు గారు బస్సు దిగారు. "అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందక్కా!" అంటూ నవ్వుతూ వచ్చింది రత్నం. ఆ వెనకే సోమరాజు గారు మొలతాడు నుంచి తాళంచెవి విప్పుకుంటూ వస్తున్నారు. ఎదుటి స్థలం చూసి ఇద్దరూ ఆగిపోయారు.

పోలీసులకి చెప్పాం. దారిలో చూసినవాళ్ళు చాలామంది దొరికారు. "రెడ్డిగూడెం వైపు పోతుంటే చూశామండీ. ఏదో తిరునాళ్ళకేమో అనుకున్నాం" అన్నారు అందరూ. పైన బస్సు బాడీ ఊడదీసి పారేస్తే కింద మిగిలేది మామూలు ట్రాలీ. మామిడి రోజుల్లో రోడ్డు మీద వందల ట్రాలీలు. వాటిలో వాళ్ళది ఏదని పట్టుకుంటారు?

ఎస్సై గారు ఆనవాళ్ళు అడిగితే చొక్కా గళ్ళ దగ్గర్నుంచి చెప్పాను. "ఇంత గుర్తుందే! మరి పేరేంటమ్మా?" అన్నారు. నేను అడగలేదు. "తాళం కోసింది నేనండీ. వాళ్ళత్తగారు పోయిందని వాడంటే నేనే నమ్మాను" అన్నారు మా ఆయన, నన్ను మాట్లాడనివ్వకుండా.

మర్నాడు స్లాగ్ కొడుతూ అతని మాటలన్నీ వరసగా తలుచుకున్నాను. అతను తనంతట తాను చెప్పింది ఎంత? బండి తెమ్మన్నారని, నిన్న పొద్దున్న అని, తాళంచెవి కనపడట్లేదని, ట్రాక్టరు మళ్ళీ దొరకదని. అంతే. సోమరాజు గారి పేరు ఎత్తింది నేను. చింతలపూడి అన్నది నేను. అత్తగారి జబ్బు, చావు, ఇరుకు గది, మొలతాడు, కాలవ, అన్నీ నా నోటి నుంచి వచ్చినవే. అతను అవునండీ అంటూ నిలబడ్డాడు. మా ఆయనకి ఆ సంగతి అప్పటికే తెలుసు. పక్కనే ఉండి విన్న మనిషి. బతికినన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. కొత్త తాళాలు చేసే పని మాత్రం మళ్ళీ పట్టలేదు.

ఆ తర్వాత ఎవరు ఏ తాళం కోయమని వచ్చినా నేను నోరు కట్టుకున్నాను. ఎవరిది, ఎక్కడిది, ఎందుకు అని వాళ్ళ చేతే మొదటి నుంచీ చెప్పించేదాన్ని. మధ్యలో తడబడినా ఒక్క మాట అందించలేదు. కంగారులో ఉన్న మంచివాళ్ళు కూడా తడబడతారు. అలాంటివాళ్ళు నన్ను తిట్టుకుంటూ తిరిగి వెళ్ళారు. వెళ్ళనిచ్చాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదే. నేర్చుకునేసరికి ఒకళ్ళ ఇల్లు పోయింది.

సోమరాజు గారు మళ్ళీ కెమెరా కొనలేకపోయారు. చింతలపూడి దగ్గర పొగాకు ఎండబెట్టే బ్యారన్‌లో కూలికి కుదిరారని తర్వాత తెలిసింది. వాళ్ళని బస్సెక్కించిన రోజు రత్నం కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా అమ్మ జబ్బు సంగతి వాడికి ఎవరో తెలిసినవాళ్ళే చెప్పుంటారు. నీకు అందరూ తెలుసుగా. ఎవరో కాస్త కనుక్కో."

"కనుక్కుంటాలే" అన్నాను.

బస్సు కదిలింది.