మా అన్న కత్తెర తిరిగిపోయిన ఎండాకాలం

ఈ రోజు పొద్దున పక్కింటికి పార్శిల్ వచ్చింది. తెచ్చినతను బండి దిగనైనా దిగకుండా డబ్బాను అరుగు మీదికి విసిరి, దాన్నొక ఫోటో తీసుకొని తిరుమణి దారి పట్టాడు. పక్కింటి అబ్బాయి సోలార్ ప్లాంటులో పనికి పోతాడు, పానాల సెట్టు తెప్పించుకున్నాడట; అట్టపెట్టె మూల చినిగి, ఒక పానా దారిలోనే ఎక్కడో జారిపోయింది. అతను ఫోన్లో ఎవరితోనో గొడవపడుతుంటే నేను అరుగు మీది ఆ డబ్బానే చూస్తూ కూర్చున్నాను. ఇట్లా విసిరేసి పోయుంటే చాలు కదా, ఆ ఎండాకాలం మా అన్నకు అంత కష్టం ఉండేది కాదు అనిపించింది.

నేను యాభై దాటినాక కన్నడ రాష్ట్రంలో ఉన్న మా ఊరి పెద్దల బడిలో కన్నడ అక్షరాలు, ఆ తర్వాత అనంతపురం పక్కనున్న కూతురింట్లో తెలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు. మొగుడు పోయినాక అన్న ఇంటికే వచ్చి ఉండిపోయాను. మాది గొర్రెలు కాసిన ఇల్లు. ఎండలు ముదరకముందే మందను వంకలో కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్క గొర్రెనూ తొడ మీదికి వాల్చుకొని బొచ్చు కత్తిరించేవారు. మా అన్న చేతిలో గొర్రె అదిరేది కాదు, నిద్రపోతున్నట్టే పడుకునేది. బొచ్చు మాత్రం కంబళి జారినట్టు ఒక్క పొరగా ఊడి వచ్చేది. మీలో కంబళి కప్పుకొని పెరిగినవాళ్ళకు ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉండే ఉంటుంది.

ఆ కత్తెర దర్జీ కత్తెర లాంటిది కాదు. ఒకే ఇనుప పట్టీని విల్లులా వంచి, రెండు కొనలనూ రెండు కత్తులుగా సాగదీసి చేస్తారు. పిడికిట్లో నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. పావగడ సంతలో ఒక కమ్మరాయన చేసేవాడు. ముందు మా అన్న అరచెయ్యి పట్టుకొని, వేళ్ళు ముడిచి, విప్పి చూసి, మళ్ళీ సంతకు రమ్మనేవాడు. పోతే గోనెపట్టలో చుట్టి ఉంచిన కత్తెరను నేల మీద పెట్టేవాడు. అన్న వంగి, కళ్ళకద్దుకొని, తనే తీసుకునేవాడు. పదునున్న ఇనుము ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోకూడదు, పోతే ఇద్దరికీ తగాదా వస్తుందని మా పెద్దలు అనేవారు. ఇంట్లో కొడవలైనా మేము కింద పెట్టే ఇచ్చుకునేవాళ్ళం.

సోలార్ వచ్చింది. మా చేనూ, చుట్టుపక్కల బీళ్ళూ పలకల కిందికి పోయాయి. ఏటా గుత్త డబ్బు వస్తోంది, కాదనను. మేపే చోటు మాత్రం లేకుండా పోయింది. మందను అమ్మక తప్పలేదు. అన్న ఒక్కటే పట్టు పట్టాడు: ఎండాకాలంలో బొచ్చు తీయకుండా గొర్రెను గడప దాటించను, కత్తిరించి ఇస్తాను అని. బేరగాడు సరేనని కొన్నాళ్ళు గడువిచ్చాడు. కడుగుదామనుకుంటున్న ఆ వారమే పాత కత్తెర వంపు దగ్గర పుటుక్కున విరిగింది. కమ్మరాయన పోయి చాలా కాలమైంది, ఆయన కొలిమి ఉన్నచోట మొబైల్ అంగడి పెట్టారు. ఊళ్ళో గొర్రెలు మిగిలిన ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు మందలతో, కత్తెరలతో ఎప్పుడో ఆంధ్రా వైపు వలసపోయారు.

అన్న కొడుకు ఫోన్లో ఆర్డర్ పెట్టాడు. మొదట వచ్చిన డబ్బాలో మేకపిల్లను పడుకోబెట్టవచ్చు. విప్పితే నిండా గాలి సంచులు, అడుగున పూలచెట్ల కొమ్మలు కత్తిరించే చిన్న కత్తెర. దాన్ని వాపసు పంపితే రెండోది పలచని ప్లాస్టిక్ కవరులో వచ్చింది, మొన కవరును చీల్చుకొని బయటికొచ్చి వంకరపోయి ఉంది. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి దెబ్బ తగిలిండాది, పాపం" అన్నాడు, ఏదో ప్రాణమున్న జీవిని అన్నట్టు. గడువు దగ్గరపడుతోంది. మూడోది వచ్చిన రోజు అన్నా నేనూ వాకిట్లోనే కూర్చొని ఉన్నాం. డెలివరీ అతను డబ్బా చాచి పట్టుకున్నాడు.

"తీసుకో తాతా."

"కింద పెట్టప్పా," అన్నాడు అన్న.

"కింద పెడితే కుదరదు. నువ్వు చేతిలో పట్టుకున్నట్టు ఫోటో కావాల."

"ఇనుమప్పా అది. చేతికి చేతికి ఇయ్యగూడదు. నీకూ నాకూ ఏం పగుండాది, ఎందుకు తగాదా? కింద పెట్టు, నేనే తీసుకుంటా."

"అట్ల కింద పెట్టొచ్చినందుకే పోయిన వారం నాకు తిట్లు పడినాయి. తీసుకుంటావా, తీసుకోవా?"

"తీసుకోనని ఎవరన్నారు నాయనా," అన్నాను నేను. "అట్టపెట్టెకు కాళ్ళొచ్చి పారిపోతుందా? కింద పెడితే నీ చెయ్యేమైనా అరుగుతుందా?"

"మీ శాస్త్రాలతో నాకు పొద్దుపోతాది అవ్వా. క్యాతగానచెర్లు దాకా పోవాల నేను."

డబ్బాను మళ్ళీ సంచిలో వేసుకొని బండెక్కాడు. ఊళ్ళో ఇంకెవరికైనా ఇచ్చి పోతాడనో, కాస్త కోపం తగ్గాక తిరిగొస్తాడనో మేము అట్లే కూర్చున్నాం. సాయంత్రం అన్న కొడుకు పని నుంచి వచ్చి ఫోన్ చూశాడు. కొన్నవారు వద్దన్నారు, సరుకు వెనక్కి పోతోంది అని అందులో ఉందట. "నేనెప్పుడు వద్దంటిని?" అని అన్న ఆ ఫోన్నే అడిగాడు.

గడువు రోజుకు బేరగాడి లారీ వచ్చింది. బొచ్చు నిండా ఉన్న గొర్రెలు ఆ మండుటెండలో నాలుకలు బయటపెట్టి రొప్పుతుంటే, అన్న ఒక్కొక్కదాని వీపులో వేళ్ళు దూర్చి, బొచ్చు విడదీసి, లోపలి చర్మానికి గాలి తగిలేట్టు ఊది ఎక్కించాడు. బేరగాడు నవ్వాడు. మేము నవ్వలేదు.

ఇప్పుడు ఏ సామానైనా గుమ్మం ముందుకే వస్తుంది. చేసినవాడికి అది ఎవరి చేతికి పోతుందో తెలియదు, తెచ్చినవాడికి లోపలేముందో తెలియదు, వద్దన్నామో కావాలన్నామో కనుక్కునే మనిషి ఏ ఊళ్ళో ఉంటాడో మనకు తెలియదు. డబ్బు మాత్రం వాపసు వస్తుంది, ఆ రోజూ వచ్చింది. తర్వాత అన్న బతికినన్నాళ్ళూ, ఎండలు ముదిరితే చాలు, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని, "వాటికి ఎవరన్నా బొచ్చు తీసింటారంటావామ్మే?" అని అడిగేవాడు. లారీ ఎక్కిన గొర్రెలు ఎక్కడికి పోతాయో మా ఇద్దరికీ తెలుసు. "తీసింటార్లేన్నా, నువ్వు తిను" అనేదాన్ని. పోయిన చలికాలంలో అన్న పోయాడు. మళ్ళీ ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ఆ మాట అడిగేవాళ్ళు లేరు. నేనే మనసులో ఆ మాట అడుగుతాను, అన్నకు చెప్పినట్టు నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.