కణానికీ కణితికీ మధ్య మా మేష్టారు

మా ఎదురింటి సైన్సు మేష్టారు పోయారన్న కబురు మొన్న మంగళవారం శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి సెల్‌ఫోనులో వచ్చింది. సిగ్నలు అందక సగమే వినపడింది. “మేష్టారు...” తరువాత గరగర. మిగతా సగం నాకు అర్థమైపోయింది. ఫోను మళ్లీ మోగితే తియ్యడానికి చాలాసేపు పట్టింది.

భావనపాడు బడిలో ఆయన సైన్సు, నేను తెలుగు. పాతికేళ్లు ఒకే స్టాఫు రూములో దెబ్బలాడుకున్నాం. ఆయన తెలుగు పుస్తకంలోంచి ఊడిపడినట్టుంటుందని నేను, నా సైన్సు వంటింటి గడప దాటదని ఆయన. ఆయన పొందూరు ఖద్దరు చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది గాని ఫోను ఉండేది కాదు. దాన్ని గూట్లో పెట్టి, మోగితే దగ్గరికి వెళ్లి చుట్టాన్ని పలకరించినట్టు పలకరించేవారు. పిల్లలు తనకు తెలియని ప్రశ్న అడిగితే బోర్డు మీద ‘తెలియదు’ అని పెద్దక్షరాలతో రాసేవారు. “ఇది కూడా జవాబేనర్రా” అనేవారు. అంత నిజాయితీ నాకు చేతకాలేదు. నేను దగ్గేదాన్ని.

ఊళ్లో టవరు లేచిన ఏడాది, దానితో రోగాలొస్తాయని గోల కూడా లేచింది. పెద్దలు బడి వరండాలో ఆయన చేత మాట్లాడించారు. “సెల్‌ఫోను తరంగాల వల్ల శరీర కణాలు స్వల్పంగా వేడెక్కవచ్చు. అంతకు మించిన హాని ఉన్నదీ లేనిదీ ఇంకా తేలలేదు” అన్నారు. వెనక వరసలో కూర్చున్న మా పక్కింటి చేపలమ్మే ఆవిడకి ‘కణాలు’ కాస్తా ‘కణితులు’గా వినపడ్డాయి.

మర్నాటికి ఆ ఇంటి ఫోను ట్రంకుపెట్టెలో ఉంది, పెట్టెకి తాళం ఉంది. ఆవిడ కోడలికి ఆరో నెల. కొడుకు గుజరాత్ వైపు పడవ పనికి వెళ్లాడు. పడవ ఒడ్డుకి చేరినప్పుడు అతను చేసే ఫోనే ఆ పిల్లకి ధైర్యం. పది రోజులు గొంతు వినపడకపోయేసరికి అన్నం మానేసి, మా గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

“బతికున్నాడో నేదో నాకెలగ తెలుస్తాదమ్మా?”

నేను తిన్నగా మేష్టారి దగ్గరికి వెళ్లి, “మీ గ్రాంథికం ఒక కాపురాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది” అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. చేతిలో ఉన్న కాఫీ అక్కడే వదిలేసి వాళ్లింటికి బయల్దేరారు.

“అమ్మా, నేను కణితి అనలేదు, కణమన్నాను. మన శరీరమంతా కణాలతో నిర్మితమైనదే” అన్నారు అత్తగారితో.

“ఓలమ్మో! ఒళ్లంతానా!” అని ఆవిడ గుండెలు బాదుకుంది.

 మేష్టారు పొయ్యి ముందు చతికిలబడ్డారు. అప్పుడు, పాతికేళ్లలో మొదటిసారి, ఆయన నోట మా ఊరి మాట విన్నాను.

“అప్పా, ఈ పొయ్యిలో సెయ్యెడితే ఏటవుతాది?” అన్నారు, సొంత అక్కని అడిగినట్టు.

“కాల్తాది. అదేటి పెశ్న?”

“బారెడు దూరంలో కూకుంటే?”

“ఎచ్చగుంటాది.”

“ఈదిలోకెళ్లిపోతే?”

“ఏటీ తెల్దు.”

“ఇదీ అలగే. బుర్రకీ కడుపుకీ ఆనించొద్దు. పీట మీదెట్టి, స్పీకరేసి మాటాడమను.”

“అయితే ఏటీ అవదని రాసిస్తారేటి?”

“రాయను. తెలీంది తెలీదనే సెప్తాను. గాని బెంగెట్టుకుని తిండి మానేస్తే కడుపులో బిడ్డకేటవుతాదో, అది మాత్రం బాగా తెలుసు.”

ఆవిడ ఆయన్నీ, కోడలినీ మార్చి మార్చి చూసింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

ఆ పిల్లకి బొద్దుగా కూతురు పుట్టింది. “అది రుజువు కాదు, టీచరుగారూ” అన్నారు మేష్టారు. “రుజువు మీరు వెతుక్కోండి, నేను బిడ్డనెత్తుకుంటాను” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కానీ నాకు కళ్లకు కట్టినట్టుండేది పెట్టె తాళం తీసిన ఆ సాయంత్రమే. పీట మీద ఫోను. “ఏటే, ఎలగున్నావు?” అని గుజరాత్ నుంచి గొంతు పలికింది. ఆ పిల్ల నోరు విప్పలేక తల దించుకుంది. చుట్టూ వీధి వీధంతా చెవులు రిక్కించి నిలబడి ఉంది, నాతో సహా. మేష్టారు లేచి, “పదండి, మనకి పని నేదేటి?” అని అత్తగారితో సహా అందరినీ బయటికి తోలారు. చిట్టచివర తానూ గడప దాటి, రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని, ఇసుకలో సముద్రం వైపు నడుచుకుంటూ వెళ్లిపోయారు.