తెల్లోడికి నేను నచ్చలేదట

ఆ రోజుల్లో, అంటే నేనూ ఎనభయ్యో దశకమూ ఇద్దరం పడుచుగా ఉన్న రోజుల్లో, సోషల్ వర్కులో ఎం.ఏ. చేశానని చెబితే మా వైపు జనం వెంటనే "ఏ హైస్కూల్లోనమ్మా?" అని అడిగేవాళ్లు. సోషల్ అంటే వాళ్లకు తెలిసింది చరిత్ర, భూగోళం చెప్పే టీచరే. మా అమ్మ కూడా కొన్నాళ్లు వివరించి విసిగిపోయి, దాచేపల్లిలో అందరికీ నన్ను సోషల్ టీచరనే చెప్పుకుంది. నేను మాత్రం యూనివర్సిటీలో మాకు వృత్తి ధర్మాలు బోధించిన మేడం మాటల్ని వేదంలా మోసుకుని వచ్చాను. (ఆవిడకు మేం పెట్టుకున్న పేరు రూల్సు మేడం.) "క్లయింటు చెప్పిన మాట మీ కడుపు దాటకూడదు. వాళ్లింట్లో ఏమీ పుచ్చుకోకూడదు. వాళ్లతో సొంత సంబంధాలు కలుపుకోకూడదు" అని ఆవిడ బల్ల గుద్ది చెప్పేవారు. ఆ మూడు రూళ్లూ పాటిస్తే చాలు, లోకం బాగుపడుతుందని ఇరవై మూడేళ్ల వయసులో గట్టిగా నమ్మాను.

చిలకలూరిపేటలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. క్షయ రోగులు మందులు మధ్యలో మానేయకుండా ఊళ్లకు వెళ్లి చూసిరావడం నా పని. ఇంజక్షన్లూ మాత్రలూ ఏడాదికి పైగా వాడాల్సిన కాలం అది. కాస్త ఒళ్లు చేయగానే చాలామంది మానేసేవాళ్లు. అలా నా వాటాకు వచ్చినవాడు తెల్లోడు. పేట జిన్నింగు మిల్లులో పనిచేసి, జుట్టు నిండా, కనుబొమ్మల నిండా దూదితో సైకిల్ మీద తన ఊళ్లోకి వచ్చేవాడు కాబట్టి ఆ పేరు. మనిషి నిజానికి నేరేడుపండు రంగు. రోగం సంగతి బయటపడితే మిల్లులో పని పోతుందనీ, ఊళ్లో ఎవరూ దగ్గరికి రానివ్వరనీ అతనికీ, వాళ్లమ్మకూ బెంగ. మొదటి రోజే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "ఎవురికీ చెప్పబాకమ్మా, నీకు పుణ్యముంటది" అంది. "ప్రాణం పోయినా చెప్పను" అన్నాను. ఎవరి ప్రాణమో అప్పుడు ఆలోచించలేదు. దగ్గు దాచడం మాత్రం కష్టం కాలేదు. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులు. ఊరు ఊరంతా దగ్గుతుండేది.

కాకపోతే, వయసులో ఉన్న ఆడపిల్ల వారం వారం బస్సు దిగి, పెళ్లి కావలసిన కుర్రాడి ఇంటికి నేరుగా వెళ్లడం ఊరు గమనించకుండా ఎలా ఉంటుంది? "ఏం పని మీద వస్తున్నావమ్మా?" అని మొదట అడిగింది చర్చి ప్యాస్టరుగారి భార్య. "చెప్పకూడదండి" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆవిడకు సగం అర్థమైపోయింది. మిగతా సగం నా రూళ్లే అర్థం చేయించాయి. మూడో రూలు ప్రకారం అతనితో ఒంటరిగా మాట్లాడకూడదని వాళ్లమ్మను పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. "చూశారా, పెద్దవాళ్లని పెట్టుకునే మాట్లాడుద్ది, పద్ధతైన పిల్ల" అన్నారు. అన్నిటికంటే కొంప ముంచింది రెండో రూలు. వాళ్లమ్మ ఎన్నిసార్లు కాఫీ ఇచ్చినా నేను ముట్టుకోలేదు. "సంబంధం ఖాయమయ్యేదాకా ఆ ఇంట చెయ్యి కడగకూడదుగా, ఆ మాత్రం తెలిసిన పిల్లే!" అని ఊరంతా మెచ్చుకుంది.

ప్యాస్టరమ్మగారి పుట్టిల్లు మా దాచేపల్లే. ఇంక చెప్పేదేముంది?

ఒక ఉదయం నేను ఆ ఊళ్లో బస్సు దిగేసరికి టీ కొట్టు బల్ల మీద మా నాన్న కూర్చుని ఉన్నారు. లెక్కల మాస్టారు. ఇన్‌స్పెక్షను రోజున మాత్రమే తీసే తెల్ల చొక్కా వేసుకున్నారు. పక్కన ప్యాస్టరమ్మగారు వెలిగిపోతున్న మొహంతో నిలబడి ఉన్నారు. నాన్న నన్ను పక్కకు తీసుకెళ్లి, "అబ్బాయి ఎలాంటివాడమ్మా?" అన్నారు.

"చెప్పకూడదు నాన్నా."

"సిగ్గెందుకు? తండ్రినే కదా."

"సిగ్గు కాదు నాన్నా, రూలు. అసలు పెళ్లీ లేదు, గిళ్లీ లేదు."

"మరి వాళ్లింటికి ఎందుకు వెళ్తున్నావు?"

"అదే చెప్పకూడదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "పెళ్లి లేదంటావు, ఎందుకెళ్తున్నావో చెప్పనంటావు. నేనేమనుకోవాలి తల్లీ?" గొంతు మామూలుగానే ఉంది కానీ, తుడిచిన కళ్లజోడునే మళ్లీ తీసి తుడిచారు. క్లాసులో అంతమంది మొద్దులకు లెక్కలు చెబుతూ కూడా ఒక్కనాడూ రెండోసారి తుడవని కళ్లజోడు అది. ఒక్క వాక్యం చెబితే ఆయన బెంగ తీరిపోతుంది. ఆ వాక్యం నాది కాదు. ఆయన ప్యాస్టరమ్మగారిని దారి అడిగి తెల్లోడి ఇంటివైపు నడిచారు, వెనకే నేను.

వాళ్లమ్మ కుర్చీ తుడిచి వేసి, కాఫీ తెచ్చింది. నాన్న "ఇప్పుడు వద్దమ్మా" అన్నారు. (మర్యాద ఆయనకూ తెలుసు కదా.) తెల్లోడు దగ్గాడు. "జలుబా అబ్బాయీ?" అని అడిగారు నాన్న. "దూదండీ" అంది వాళ్లమ్మ. నాన్న నా వైపు తిరిగారు. అబద్ధం చెప్పడానికీ లేదు, నిజం చెప్పడానికీ లేదు. దిక్కు తోచక నేనూ దగ్గాను. "నీకూ దూదేనా?" అన్నారాయన.

తెల్లోడికి అప్పుడు అర్థమైంది, వచ్చినాయన దేనికొచ్చాడో. లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, నా వల్ల మేడంగారికి పేరు పోతావుంది."

"నువ్వేమీ చెప్పనక్కర్లేదు" అన్నాను గాభరాగా.

"నా రోగం నేను చెప్పుకోకూడదాండీ?" అని నాన్న వైపు తిరిగాడు. "నాకు క్షయండి. మందులు మానకుండా చూడటానికి వత్తన్నారు. ఎవురికీ చెప్పద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది. అంతేనండి."

వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న ఆవిడ వైపు తిరిగి, "ఇందాకటి కాఫీ ఉందా అమ్మా? చల్లారినా ఫర్వాలేదు" అన్నారు. ఆవిడ గ్లాసు ఇస్తూ ఏడ్చేసింది. "మేడంగారు ఎప్పుడూ తాగరయ్యా. రోగమున్న ఇల్లని భయమేమో అనుకునేదాన్ని." ఇన్నాళ్లూ ఆ రూలుకు ఆవిడ చెప్పుకున్న అర్థం అదన్నమాట! నాక్కూడా ఒక గ్లాసు ఇవ్వమన్నాను. ఆ కాఫీలో చక్కెర మరీ ఎక్కువ. మొత్తం తాగాను.

తిరిగి బస్సు కోసం వచ్చేసరికి టీ కొట్టు దగ్గర పది మంది పోగయ్యారు. "ఏమైందండీ మాస్టారూ?" అన్నారు ప్యాస్టరమ్మగారు. మా నాన్న, జీవితంలో తప్పు లెక్క వేయని మనిషి, కండువా సర్దుకుని నిదానంగా చెప్పారు. "అబ్బాయికి మా అమ్మాయి నచ్చలేదంటండీ."

ఊరు ఒక్కసారి "అయ్యో" అంది. బస్సులో నాన్న కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, "పెళ్లీ లేదు, నిందా లేదు, అతని గుట్టూ పోలేదు. నీకే కొంచెం నష్టం" అన్నారు. "ఇంట్లో మీ అమ్మకు కూడా ఇదే చెప్పాలి, ఏమంటావు?" ఇదే చెప్పాం. "నా పిల్లకేం తక్కువ? వాడి మొహం, వాడి దూదీనూ!" అని అమ్మ రెండు రోజులు అన్నం సయించక తిట్టిపోసింది. ఊళ్లోనూ నా మీద జాలి వెల్లువెత్తింది. "అతను కాదన్నా వదలకుండా వత్తందే పాపం" అని ఆడవాళ్లు నాకు వినబడేలాగే అనుకునేవాళ్లు. నేను వెళ్లడం మానలేదు, అతను మందులు మానలేదు. రోగం పూర్తిగా నయమైంది.

మరుసటి ఏడు అతని పెళ్లికి వెళ్లాను. పిల్లది ఒంగోలు వైపు ఊరు. నిశ్చయానికి ముందే ఆమెకు అన్నీ చెప్పేశానన్నాడు. "ఇంక మీరు ఎవురికన్నా చెప్పుకోండి మేడం" అని నాకూ సెలవిచ్చాడు. (అందుకే ఇప్పుడు రాస్తున్నాను. అయినా ఊరి పేరు రాయలేదు, చూశారుగా.) చర్చిలో ప్యాస్టరుగారు చెప్పించిన పొడవాటి ప్రమాణం అతను ఒక్క దగ్గు లేకుండా, గొంతెత్తి, చివరిదాకా చెప్పాడు. నాకు కళ్ల వెంట నీళ్లు ఆగలేదు. ప్యాస్టరమ్మగారు నా పక్కకు జరిగి, తన చేతిరుమాలు నా చేతిలో కుక్కి, "ఊరుకోమ్మా, దేవుడు నీక్కూడా ఒకణ్ణి రాసే ఉంటాడు" అని వీపు నిమిరారు. నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఇంకా ఏడ్చాను.

ఆ కన్నీళ్లు అతనికి నయమైనందుకేనని చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. నిజమే. కానీ మధ్యలో రుమాలు కాస్త పక్కకు తీసి, పెళ్లికూతురు నాకంటే బావుందా అని ఒక్కసారి తొంగి చూసిన మాట కూడా నిజమే. ఇరవై నాలుగేళ్ల పిల్లను, నచ్చలేదని ఊరంతా అనుకుంటుంటే ఎంతకని పట్టించుకోకుండా ఉంటాను!