తునికి చెట్టు కింద మా మామ చెప్పిన మాట

మా చిన్నప్పుడు... పుణెలో ఒక పెద్ద తోట చూడటానికి పోయాం. ఏయే దేశాల మొక్కలనో తెచ్చి పెంచి, ఒక్కోదానికి ఒక్కో పేరు పలక తగిలించిన తోట. తీసుకెళ్లింది మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. అక్కడ ఏదో ఆఫీసులో గుమస్తా. గుమస్తానే... నడక మాత్రం కలెక్టరుది.

మాది సోలాపూర్, అశోక్ చౌక్ దగ్గర. నాన్న పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. మా తాత పోయాక మామను చదివించింది ఆ చాటే.

నేను అప్పుడు ఐదో తరగతి. ఎండాకాలం సెలవుల్లో నేనూ అమ్మా మామ దగ్గరికి పోయాం. పుణెలో రైలు దిగగానే మామ అమ్మను పైనుంచి కిందికి చూశాడు. బాగున్నావా అనలేదు.

"అక్కా, ఈడ తెలుగు జర మెల్లగ మాట్లాడు" అన్నాడు.

మర్నాడు ఆదివారం తోటకు బయల్దేరాం. మాకు చూపించడానికి కాదని గేటు దగ్గర తెలిసింది. మామ పైఅధికారి, ఆయన భార్య కూడా వస్తున్నారు. వాళ్ల వెనక మేం తోకల్లా నడవాలి.

ముందు అద్దాల ఇంట్లోకి పోయాం. లోపల ఒకటే ఉక్క... గొడుగంత ఆకులు, తాళ్లలా వేలాడే వేర్లు. మామ ప్రతి ఆకు ముందూ ఆగి, తనే నాటినట్టు "వా సాహెబ్, వా!" అంటున్నాడు. ఇంట్లో తులసి మొక్కకు చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు ఈయన.

అమ్మ కొంగుతో మెడ తుడుచుకుని నా చెవిలో అంది. "గీ ఉబ్బ సూడనీకి టికెట్ గూడనా బిడ్డా? మీ నాయిన కార్ఖానల ఫుకట్ల దొరుకుతది."

నేను కిసుక్కున నవ్వాను. మామ వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాడు.

బయటికొచ్చాక ఒక మూల ఓ చెట్టు. దానికి పలక లేదు. సాహెబు కళ్లజోడు సవరించుకుని, ఇదేం చెట్టయి ఉంటుందని అడిగాడు. మామ ఏ మాత్రం తడుముకోకుండా ఏదో విదేశీ పేరు చెప్పాడు. అప్పటికి పది నిమిషాల క్రితం వేరే పలక మీద చదివిన పేరే!

అమ్మ కింద రాలిన ఆకు ఒకటి తీసింది. బొటనవేలితో ఈనె మీద ఒకసారి రాసింది. అంతే... ఆమె ముఖం వెలిగిపోయింది. ఏడేళ్ల వయసు నుంచి ఆ ఆకుతోనే బతుకు. కట్టలు కట్టలుగా ఇంటికొచ్చే ఆకు తప్ప, దాని చెట్టును ఎన్నడూ చూడలేదు.

"తునికి చెట్టు! బీడీలాకు!" అని గట్టిగా అనేసింది, తెలుగులోనే.

పక్కన పాదు తవ్వుతున్న ముసలి మాలి బీడీ అన్న మాట పట్టుకుని, అమ్మ చెప్పింది నిజమేనని తలూపాడు. "టెంభుర్ణీ... బాయీ బరోబర్" అన్నాడు.

సాహెబు ఆశ్చర్యంగా అమ్మను చూసి, ఈమె ఎవరని మామను అడిగాడు.

మామ నాలుక తడబడనైనా లేదు. "గావాకడచీ మోల్కరీణ్ ఆహే, సాహెబ్."

ఊరి నుంచి వచ్చిన పనిమనిషి... అని. సోలాపూర్‌లో పుట్టి పెరిగిన అమ్మకు మరాఠీ రాదనుకున్నాడో, వచ్చినా ఏం చేస్తుందిలే అనుకున్నాడో!

అమ్మ ఆకును మడిచి రవికెలో దోపుకుంది. తర్వాత చక్కటి మరాఠీలో నెమ్మదిగా చెప్పింది.

"అవును సాహెబ్, పనిమనిషినే. ఈయనకు ముక్కు తుడిచిన, స్నానం చేయించిన, బీడీలు చుట్టి కాలేజీ దాకా చదివించిన. జీతం మాత్రం ఇంకా ఇయ్యలే. మీరన్న జర అడుగుండ్రి."

అక్కాతమ్ముళ్లది ఒకటే ముక్కు, ఒకటే గడ్డం. సాహెబు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, భార్యతో ముందుకు కదిలాడు. మామ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

మేం వెనక్కి తిరిగాం. బస్‌స్టాప్ దాకా ఉరికొచ్చాడు మామ. "అక్కా, ఆఫీసుల ఇజ్జత్ పోతదని..."

"ఉంటె గద తమ్మీ, పోనీకి" అంది అమ్మ.

రైల్లో నేనుండబట్టలేక అడిగాను. "నా తమ్ముడే అని సాహెబుకు చెప్పరాదా అమ్మా?"

"చెప్పంగనే తమ్ముడైతడా?" అని కిటికీ వైపు తిరిగింది. సోలాపూర్ వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఇప్పుడు మామ రిటైరయ్యాడు. కులసభల్లో పెద్దమనిషి. మైకు దొరికితే చాలు... "నేను బీడీలు చుట్టిన ఇంటినుంచి వచ్చిన" అని గొంతు వణికిస్తాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చి పడతాయి. అమ్మ చూడదు. వేళ్లు వంకర్లు పోయాయి, ఫోన్ పట్టుకోలేదు. పట్టుకోగలిగినా చూడదు.

కాలం ఎంత మారిందో... అప్పుడు బీదతనం చెప్తే పరువు పోయేది, ఇప్పుడు అదే చెప్తే శాలువా కప్పుతున్నారు. మీ చుట్టాల్లోనూ ఇలాంటి శాలువా మనుషులున్నారా? ఉంటే రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను. ఆమె నవ్వి చాలా రోజులైంది.