చేపముళ్ల పొట్లం

కుంభారి వెళ్లే బస్సులో ఎవరి సంచిలోంచో తునికాకు వాసన వచ్చిందంటే, చిన్నప్పుడు జోడ్‌భావి పేట్‌ వాడలో బీడీలు చుట్టే అమ్మమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

అప్పట్లో ఓ మధ్యాహ్నం అన్నాలు తింటుంటే టీవీలో, ఒక చిన్న దేశం సరిహద్దున పొరుగు పెద్ద దేశపు ట్యాంకులు బారులు తీరి కనిపించాయి. నాకు భయమేసింది.

"అమ్మమ్మా, ఆ చిన్న దేశం ఎట్ల బతుకుతది?"

"చేపముల్లు చిన్నదే గదా బిడ్డా! గొంతుల ఇరుకుతదంటే ఎంత పెద్దోడైనా మింగనీకి జంకుతడు."

నేను పళ్లేల్లోని చేపముళ్లన్నీ ఏరి కడిగి, ఆ దేశానికి పంపమని ఆమె ఒళ్లో పోశాను. అమ్మమ్మ నవ్వలేదు. వాటిని తునికాకులో చుట్టి, బీడీదారంతో కట్టి, "రేపు టపాల ఏస్తం" అంది.

ఆ పొట్లం ఎక్కడికీ పోలేదని పెద్దయ్యాక అర్థమైంది. ఆ దేశం మాత్రం ఇంకా పటంలో ఉంది. చూసినప్పుడల్లా, మా ఇంటి సాయం అందిందనే అనిపిస్తుంది.